గ్రంథము ప్రజల భాషలోనికి వచ్చిన విధము

విశాఖపట్టణపు రేవులోనికి ఓడ ప్రవేశించునపుడు ఒక వైపున సముద్రములోనికి చొచ్చుకొని వచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ కనబడును. రెండవ వైపున మూడు చిన్న కొండలు కనబడును. వానిలో ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయమును, ఒకదానిపై దర్గాయును, ఒకదానిపై క్రైస్తవ దేవాలయమును ఉన్నవి. ఈ రేవులో బొగ్గు దిగును. ఇనుప ఖనిజము ఎగుమతి యగును. ఇట్టి రేవునకు సరకులతో పాటు దూరదేశముల తలపులును వచ్చుచుండును. అట్లు వచ్చిన ఒక తలపును గూర్చి ఈ పాఠమున తెలిసికొందము.

నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న దినములలో, చరిత్ర పాఠము జరుగుచుండగా ఒక విద్యార్థి లేచి నన్నిట్లడిగెను: "మాస్టారండీ! ఇటలీలో బొమ్మలు వేసినవారి కథ, జర్మనీలో మతాధికారులను ఎదిరించిన సన్యాసి కథ మనకెందుకండీ? మన ఊరికి వాటితో ఏమి సంబంధము?" తరగతిలోని వారందరు నవ్విరి. నేను మాత్రము నవ్వలేదు. ప్రశ్న సమంజసమైనదే. సమాధానము చెప్పుటకు మొదలుపెట్టునంతలో గంట మ్రోగెను. ఆనాడు చెప్పలేకపోయిన సమాధానమును ఇప్పుడు మీ యెదుట ఉంచుచున్నాను.

ముందుగా ఇటలీకి పోవుదము. యూరపు ఖండమున ప్రాచీన గ్రీకులును, రోమనులును గొప్ప కావ్యములను, శాస్త్రములను, శిల్పములను సృష్టించిరి. రోమను సామ్రాజ్యము కూలిన పిమ్మట ఆ గ్రంథములలో కొన్ని నశించెను. మరికొన్ని మఠముల అరలలో, దుమ్ములో, చదువువారు లేక పడియుండెను. పండితుల భాష లాటిను. ప్రార్థనలును, న్యాయస్థానపు పత్రములును లాటినులోనే యుండెను. పొలము దున్నువాడును, బట్ట నేయువాడును ఆ భాష నెరుగరు.

పదునాలుగవ శతాబ్దిలో పెట్రార్కు (1304–1374) అను ఇటలీ కవి పాత వ్రాతప్రతులకై ఊరూర వెదకెను. 1345లో వెరోనా నగరమున, సిసిరో అను రోమను వక్త తన మిత్రునకు వ్రాసిన లేఖల ప్రతి యతనికి దొరకెను. అతనిని జూచి మరికొందరు వెదుకసాగిరి. 1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపిలు నగరమును జయించిరి. అంతకు ముందును, ఆ పిమ్మటను గ్రీకు పండితులు తమ గ్రంథములతో ఇటలీకి వచ్చి చేరిరి. అట్లు మరుగుపడిన విద్యకు మరల ప్రాణము వచ్చెను. అందువలననే ఆ యుగమునకు పునరుజ్జీవన యుగమని పేరు కలిగెను.

ఈ చైతన్యము చిత్రకళను మార్చివేసెను. దూరమునకు పోవుకొలది రైలు పట్టాలు రెండును ఒకదానికొకటి దగ్గరై కలిసిపోవుచున్నట్లు మన కంటికి కనబడును గదా! కన్ను చూచిన ఆ దూరమును బల్లపరుపు గోడపై గణిత నియమము ననుసరించి చూపుట ఇటలీ చిత్రకారులు నేర్చిరి. లియొనార్డో డా విన్చీ (1452–1519) మృతదేహములను పరీక్షించి కండరముల పొందికను తెలిసికొని మనుష్యుల బొమ్మలను వేసెను. మైకెలాంజిలో 1508 మొదలు 1512 వరకు శ్రమించి రోములోని సిస్టైను ప్రార్థనాలయపు పైకప్పును చిత్రములతో నింపెను. ఎవరో చెప్పినదానిని నమ్మి ఊరకుండక స్వయముగా చూడుము, మూలమును వెదకుము అనునది ఆ యుగపు మంత్రము.

ఈ మంత్రము గ్రంథములకును వర్తించెను. రోములోని మతాధిపతియైన పోపునకు కాన్‌స్టాంటైను చక్రవర్తి పశ్చిమ రాజ్యముల నిచ్చెనని చెప్పు దానపత్రము ఒకటి యుండెను. లొరెంజో వల్లా అను పండితుడు 1440లో దానిని పరీక్షించి అది కల్పితమని నిరూపించెను. ఎట్లు? అందలి లాటిను మాటలలో కొన్ని ఆ చక్రవర్తి కాలమునాటివి కావు. కృష్ణదేవరాయలు వ్రాయించినదని ఒకడు తెచ్చిన శాసనములో 'రైలు' అను మాట యున్నచో మన మేమందుము? వల్లా చేసిన వాదము అట్టిదే. భాషాజ్ఞానము సత్యమును తేల్చు త్రాసు కాగలదని లోకమునకు తెలిసెను.

ఇంతలో జర్మనీ దేశపు మైన్జు నగరమున గూటెన్‌బర్గు విడి అక్షరములను లోహముతో పోతపోసి, వానిని పేర్చి అచ్చువేయు విధానమును సాధించెను. సుమారు 1455 నాటికి అతని బైబిలు అచ్చయ్యెను. పుటకు 42 పంక్తులు గల ఆ గ్రంథము లాటిను భాషలోనిది. లేఖకుడు నెలల తరబడి వ్రాసిన ఒక్క ప్రతికి బదులు, ఒకే విధమైన ప్రతులు నూర్లకొలది సిద్ధమగు కాలము వచ్చెను.

ఇక జర్మనీ సన్యాసి కథకు వత్తము. ఇటలీ చిత్రకళకును ఆ సన్యాసికిని ఒక సంబంధము కలదు. 1506లో రోమునందు సెయింటు పీటరు దేవాలయమును నూతనముగా కట్టుటకు పునాది వేసిరి. ఆనాటి మహాశిల్పు లెందరో దాని నిర్మాణమున పాల్గొనిరి. కాని ధనము కావలసి వచ్చెను. ఆ ధనమునకై జర్మనీలో పాపపరిహార పత్రములను అమ్మించిరి. పత్రము కొన్నవానికి పాపమువలన కలుగు శిక్ష తగ్గునని అమ్మువారు చెప్పుచుండిరి. విట్టెన్‌బర్గు విశ్వవిద్యాలయమున బోధించు మార్టిన్ లూథరు అను సన్యాసికి ఇది సరిపడలేదు. పశ్చాత్తాపము హృదయమున కలుగవలసినది గాని అంగడిలో కొనదగినది కాదని యతడు తలచెను. 1517 అక్టోబరు 31న 95 ప్రతిపాదనలను వ్రాసి చర్చకు పెట్టెను. అవి పండితులకై లాటినులో వ్రాసినవే. కాని వానిని జర్మను భాషలోనికి మార్చి అచ్చువేయగా అవి శీఘ్రముగా దేశమంతట ప్రాకెను.

1521లో వోర్మ్సు నగరమున చక్రవర్తి సభలో లూథరును నిలిపి, వ్రాసినదానిని త్రోసిపుచ్చుమని అడిగిరి. అతడు అంగీకరింపలేదు. పిమ్మట మిత్రు లతనిని వార్ట్‌బర్గు కోటలో దాచిరి. అక్కడ కూర్చుండి అతడు చేసిన పనియే మన కథకు మూలము. గ్రీకు మూలమును ముందుంచుకొని, సుమారు పదునొకండు వారములలో బైబిలులోని క్రొత్త నిబంధనను జర్మను భాషలోనికి మార్చెను. ఆ గ్రీకు మూలమును 1516లో ప్రకటించినవాడు ఎరాస్మసు. అతడు పునరుజ్జీవన విద్యలో ఆరితేరిన పండితుడు. అనగా ఇటలీలో పుట్టిన మూలాన్వేషణము జర్మనీలో ప్రజల భాషకు త్రోవచూపెను.

లూథరు చేసిన క్రొత్త నిబంధన 1522 సెప్టెంబరులో అచ్చయ్యెను. సంపూర్ణ బైబిలు 1534లో వెలువడెను. అనువాదము చేయువాడు ఇంటిలోని తల్లి, వీథిలోని పిల్లలు, అంగడిలోని సామాన్యుడు ఎట్లు మాటాడుదురో గమనింపవలెనని అతడు 1530లో వ్రాసెను. ఇంగ్లండున విలియం టిండేలు 1526లో ఇంగ్లీషు క్రొత్త నిబంధనను అచ్చువేయించి, 1536లో మరణదండన పొందెను. తల్లిభాషలో చదువుకొనుట నేడు మనకు తేలికగా తోచును గాని, దానికై ప్రాణము లిచ్చినవారు కలరు.

అయితే ఈ చరిత్ర యంతయు వెలుగే యనుకొనరాదు. 1524–25లో తిరుగబడిన జర్మను రైతులను ప్రభువులు క్రూరముగా అణచిరి. లూథరు ప్రభువుల పక్షమే వహించెను. యూదులను నిందించుచు అతడు వ్రాసిన వ్రాతలు అతని కీర్తికి మచ్చలు. మతభేదములు పెరిగి, 1618 మొదలు 1648 వరకు జర్మనీలో ముప్పది యేండ్ల యుద్ధము జరిగెను. రోమను కథోలిక సంఘమును 1545–1563 నడుమ ట్రెంటు నగరమున సభలు జరిపి తన లోపములను దిద్దుకొనెను. మంచిచెడ్డలు రెండును చెప్పనిచో అది చరిత్ర కాదు.

ఇక ఈ తలపు తెలుగుదేశమునకు ఎట్లు వచ్చెనో చూతము. ప్రజల భాషలో గ్రంథముండవలెనను నియమమును లూథరు మార్గమువారు ఎక్కడికి పోయినను విడువలేదు. 1706లో జీగెన్‌బాల్గు అను జర్మనుడు తమిళదేశమున తరంగంబాడిలో దిగి తమిళము నేర్చెను. అతని తరువాత వచ్చిన బెంజమిన్ షుల్జి చెన్నపట్టణము చేరి తెలుగు నేర్చి బైబిలును అనువదించెను. ఆ అనువాదము వ్రాతప్రతిగానే మిగిలిపోయెను. కాని అతడు స్వదేశమునకు మరలి హాలే నగరమున కొన్ని చిన్న తెలుగు పుస్తకములను అచ్చువేయించెను. అందొకటి లూథరు 1529లో పిల్లలకును, సామాన్యులకును వ్రాసిన ప్రశ్నోత్తర పుస్తకమునకు తెలుగు. అది 1746లో వెలువడెను. తెలుగు లిపిలో అచ్చుపడిన తొలి పుస్తకములలో అది యొకటి. చూచితిరా! మన అక్షరములు మొట్టమొదట అచ్చెక్కినది గోదావరి తీరమున కాదు, కృష్ణాతీరమున కాదు; లూథరు దేశమున.

అటుపిమ్మట అరువదేండ్లకు విశాఖపట్టణపు వంతు వచ్చెను. 1805లో జార్జి క్రాను, అగస్టసు డెగ్రాంజి అను ఇద్దరు యువకులు లండను మిషనరీ సంఘము పంపగా ఈ పట్టణమునకు వచ్చిరి. అప్పటికి ఇక్కడ నేటి రేవు లేదు. అది 1933లో ఏర్పడినది. ఆ కాలమున ఓడలు దూరముగా లంగరు వేసి నిలువగా, పడవలు అలల మీదుగా మనుష్యులను ఒడ్డునకు చేర్చుచుండెను. పట్టణము తూర్పు ఇండియా కంపెనీ ఏలుబడిలో నుండెను. ఆ యువకులకు తెలుగు రాదు. నేర్చుకొందమన్న నిఘంటువు లేదు. వారికి తెలిసిన భాషలో తెలుగు వ్యాకరణము అచ్చులో లేదు. పండితుని యెదుట కూర్చుండి, తాటాకులను చూచుచు, వీథిలో విన్న మాటలను వ్రాసికొనుచు వారు భాష నేర్చిరి. బడి పెట్టి పిల్లలకు చదువు చెప్పిరి. తమ మతమును బోధించుటయే వారి ఉద్దేశము. ఆ బోధను గూర్చి ఈ పట్టణమున ఎవరి అభిప్రాయము వారికుండును. మన మిక్కడ గమనింపవలసినది వారు చేసిన భాషాసేవను.

ఈ పనిలో వారికి కుడిభుజముగా నిలిచినవాడు ఆనందరాయరు. అతడు బ్రాహ్మణ కుటుంబమున పుట్టి క్రైస్తవమును స్వీకరించెను. తెలుగు చక్కగా ఎరిగినవాడు. గ్రంథముల మొదటి పుటలపై దొరల పేర్లు పెద్దగా కనబడును. కాని తెలుగు వాక్యము తెలుగు వాక్యముగా నిలిచినదన్నచో, ఇట్టి దేశీయ పండితుల చెవి దానిని పరీక్షించుట చేతనే యని మరువరాదు.

వారికి ఎదురైన చిక్కు లెట్టివో యోచింపుడు. గ్రీకు మాటకు సరియైన తెలుగు మాట దొరకవలెను. దొరకిన మాట మన దేశమున మునుపే వేరొక అర్థముతో వాడుకలో నుండును. తెలుగు బైబిలులో నేడు కనబడు మాటలనే చూడుడు. 'శుభ సమాచారము' అను అర్థము గల గ్రీకు మాటకు 'సువార్త' వచ్చినది: సు అనగా మంచి, వార్త అనగా సమాచారము. 'ఆత్మ', 'కృప', 'రక్షణ' అను మాటలు మన వేదాంతులును, భక్తులును తరతరములుగా వాడినవే. 'బాప్తిస్మము' మాత్రము గ్రీకునుండి తెచ్చుకొన్నది. అనువాదకుడు ఒక్కొక్క మాటకడ నిలిచి, తన భావమును చెప్పవలెనా, వినువాని భావమును గౌరవింపవలెనా అని తూచవలసియుండును.

ఆ పని నెరవేరక ముందే 1809లో క్రాను మరణించెను. 1810లో డెగ్రాంజియు కన్నుమూసెను. వచ్చి అయిదేండ్లే! మత్తయి, మార్కు, లూకా వ్రాసిన మూడు సువార్తల అనువాదము మాత్రము నిలిచెను. అది వంగదేశమున సేరంపూరు ముద్రణాలయమునకు చేరి 1812లో అచ్చయ్యెను. దానికై శ్రమించిన ఇద్దరిలో ఒక్కడును ఆ అచ్చుప్రతిని కన్నులార చూడలేదు.

ఆ 1812లోనే మార్చి 11న సేరంపూరు ముద్రణాలయము అగ్నికి ఆహుతియయ్యెను. కాగితములు, పలు లిపుల అచ్చక్షరములు, వ్రాతప్రతులు కాలిపోయెను. విలియం కేరీ రచించుచున్న తెలుగు వ్యాకరణపు ప్రతియు దగ్ధమయ్యెను. అయితే అక్షరములను పోతపోయుటకు ఆధారమైన ఉక్కు అచ్చులు మిగిలెను. కరిగి ముద్దయైన లోహమునే తీసి మరల అక్షరములు పోసిరి. కేరీ వ్యాకరణమును మొదటినుండి తిరిగి వ్రాసి 1814లో ప్రకటించెను. ఉక్కు పుట్టు నగరమున పెరుగుచున్న మీకు ఈ సంగతి ప్రత్యేకముగా తోచవలెను: ఉక్కు మిగిలినందున అక్షరము మిగిలెను.

విశాఖపట్టణమున ఆరంభమైన పని ఆగలేదు. తరువాత వచ్చిన ఎడ్వర్డు ప్రిచెట్టు క్రొత్త నిబంధన నంతటిని తెలుగు చేసెను. ఆ శతాబ్దపు నడుమ జాన్ హే మొదలగువారు ఈ పట్టణముననే యుండి పాత అనువాదములను దిద్దిరి. మొదటి అనువాదములలో తప్పులుండెను. వాక్యములు కొన్ని తెలుగు నడకకు లోబడలేదు. దిద్దువా రుండుట చేతనే అది మెరుగుపడెను.

ఈ అచ్చు విద్య మన ప్రాచీన వాఙ్మయమునకును మేలు చేసెను. చార్లెసు ఫిలిప్ బ్రౌను (1798–1884) కంపెనీ ఉద్యోగియై 1820లో కడపకు వచ్చెను. తెలుగు కావ్యముల తాళపత్రములు చెదలు తిని నశించుచుండుట చూచి, పెట్రార్కు ఇటలీలో వెదకినట్లు, అతడు తెలుగునాట ప్రతులను వెదకించెను. ఒకే గ్రంథమునకు పలు ప్రతులు తెప్పించి, పాఠములను సరిపోల్చి, జూలూరి అప్పయ్య మొదలగు పండితులచేత శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో ప్రకటించెను. 1852లో అతని తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. ఇటలీలో జరిగినది పునరుజ్జీవనమైనచో, ఇదియు పునరుజ్జీవనమే.

లూథరు వేసిన ప్రశ్నయు కొంతకాలమునకు ఈ ప్రాంతముననే మరియొక రూపమున తలయెత్తెను. 1906 ప్రాంతమున జె. ఏ. యేట్సు అను పాఠశాలల పర్యవేక్షకుడు ఉత్తర కోస్తాకు వచ్చెను. పుస్తకములోని తెలుగు ఒకటి, ప్రజలు మాటాడు తెలుగు ఒకటిగా నుండుటేమని అతడు అడిగెను. గిడుగు వేంకట రామమూర్తి, గురజాడ అప్పారావు, విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షుడైన పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఈ ప్రశ్నను చేపట్టిరి. శిష్టజనుల వాడుక భాషలో పాఠములుండవలెనని వారు వాదించిరి. గ్రాంథికమే రక్షణీయమని పలువురు పండితులు ఎదిరించిరి. ఈ వ్యాసము వ్రాయు నేనును గ్రాంథికమునందే పెరిగినవాడను. అయినను ఒప్పుకొనవలసినది ఒప్పుకొందును: మీరు నేడు పత్రికను తెరచిన వెంటనే అర్థము చేసికొనగలుగుట వారి పోరాటఫలమే. గిడుగువారి జన్మదినమైన ఆగస్టు 29ని మనము తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు సమాధానము దొరకినది గదా! విద్య కొందరి సొత్తా, అందరి సొత్తా అను ప్రశ్న యొక్కటే. ఇటలీలో అది మూలగ్రంథములను వెలికి తీయించెను. జర్మనీలో గ్రంథమును ప్రజల భాషలోనికి దింపెను. ఆ ప్రశ్నయే ఓడనెక్కి విశాఖ తీరమునకు వచ్చి, తెలుగు నేర్చి, ఇద్దరు యువకుల ప్రాణములు తీసికొని, మన అక్షరములను అచ్చెక్కించెను. పిమ్మట మన పెద్దలు దానిని తమదిగా చేసికొని, మన భాషను గూర్చి మనలనే అడిగిరి.

బాలబాలికలారా! ఆ ప్రశ్న నేటికిని ముగియలేదు. వైద్యము, న్యాయము, యంత్రశాస్త్రము మొదలగు ఎన్నో విద్యలు ఇంకను పరభాషలోనే అధికముగా నున్నవి. మీలో ఒకరు వైద్యులు కావచ్చును. ఒకరు ఉక్కు కర్మాగారమున యంత్రజ్ఞులు కావచ్చును. పరభాషలో చదువుకొనుడు; తప్పు లేదు. క్రాను, డెగ్రాంజి పరభాష నేర్చియే తమ పని చేయగలిగిరి. కాని నేర్చినదానిని మీ వీథిలోని తల్లికి, అంగడిలోని సామాన్యునకు అర్థమగు తెలుగులో చెప్పగలుగుడు. మీ ఇంటి అటకపై తాటాకుల కట్ట యున్నచో దానిని పారవేయక, చదువగల వారికి చూపుడు. అట్లు చేసిన నాడు, ఆ చరిత్ర పాఠమున గంట మ్రోగుటచే ఆగిపోయిన నా సమాధానమును మీరే పూర్తిచేసినవారగుదురు.